పోస్టరు మార్చిన ఒక్క మాట



అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ సందర్భంగా మా తొమ్మిదో తరగతి పిల్లలు ఒక పోస్టరు వేశారు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, మూలన తల పట్టుకుని కూర్చున్న అబ్బాయి, కింద ‘మానసిక రోగులపై జాలి చూపండి’ అని పెద్ద అక్షరాలు. నేనూ బాగుందన్నాను. ఒకమ్మాయి మాత్రం, ‘‘మేడమ్, నాకే అలాంటి ఇబ్బంది ఉంటే, ఇది చూశాక ఎవరికీ చెప్పను’’ అంది.

దాంతో పోస్టరు మళ్లీ మొదలుపెట్టాం.

ముందు పదం మార్చాం. ‘మానసిక రోగి’ అంటే మనిషికి జబ్బు పేరే పెట్టినట్టు. ‘డిప్రెషన్‌తో ఇబ్బంది పడుతున్న విద్యార్థి’ అంటే ముందు విద్యార్థి కనిపిస్తాడు.

తర్వాత బొమ్మ. ఒంటరి అబ్బాయి పక్కన ఇప్పుడు ఫ్రెండ్ కూర్చుని వింటున్నాడు. కౌన్సెలింగ్, అవసరమైతే మందులతో చాలామంది కోలుకుంటారని రాశాం. ‘ఇది మెదడు జబ్బు’ అని మాత్రమే చెబితే నింద తగ్గినా, ‘ఇక నయం కాదేమో’ అనే అనుమానం పెరగవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి.

చివరగా, ఏం చేయాలో చెప్పాం. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇది ఎవరో కొందరి సమస్య కాదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే నలభై మంది క్లాసులో సుమారు ముగ్గురు.

అయితే పిల్లలు స్కూల్ గోడ మీద చదివేకన్నా ముందు ఇంట్లో వింటారు. ‘వాణ్ని ఎర్రగడ్డలో చేర్పించాలి’ అని నవ్వుతూ అనేస్తుంటాం. నేనూ అన్నదాన్నే. అక్కడున్నది వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి. ఆ జోకు విన్న పిల్లవాడికి మాత్రం, తనకు బాగోలేకపోతే తననీ చూసి నవ్వుతారనే అర్థమవుతుంది.

అలాగే ‘మనసు బాగోలేదు’ అని పిల్లలు అంటే, ‘నీకేం తక్కువ? ఇంత ఫీజు కడుతున్నాం’ అనకండి. ‘ఎప్పటినుంచి అలా ఉంది నాన్నా?’ అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగండి. నిద్ర, తిండి, ఆటల మీద ఇష్టం రెండు వారాలకు పైగా తగ్గితే డాక్టరుకు చూపించండి. చచ్చిపోవాలనుంది అంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ఒంటరిగా వదలకండి, వెంటనే సాయం తీసుకోండి.

కొత్త పోస్టరు మా కారిడార్‌లోనే ఉంది. పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు చూసి, ఇంకా ఏ మాట మార్చాలో పిల్లలకే చెప్పండి.