ఛాంబర్ ముద్ర ఉంటే చాలా? మిర్యాలగూడ బియ్యం సముద్రం దాటే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు

2025 మార్చి 30, ఉగాది రోజు. రేషన్ కార్డుదారులకు సన్న బియ్యం ఇచ్చే పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సూర్యాపేట జిల్లా హుజూర్‌నగర్‌లో ప్రారంభించారు. తెల్లారితే ఈదుల్ ఫితర్. మన ఊళ్లల్లో జనం ఈద్గాకు పోయి నమాజు చదివొచ్చిన అదే మార్చి 31న కాకినాడ పోర్టులో ఇంకో రకం బియ్యం ఓడెక్కింది. పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి జెండా ఊపిన ఆ ఓడలో 12,500 టన్నుల ఎంటీయూ 1010 రకం బియ్యం ఉంది. పోవాల్సింది ఫిలిప్పీన్స్‌కు. మొత్తం 8 లక్షల టన్నుల వరకు పంపే ఒప్పందం ఉందని ప్రభుత్వం చెప్పింది.

ఆ తర్వాత ఐదు నెలలకే పరిస్థితి మారింది. తమ రైతుల వడ్లకు ధర పడిపోతోందని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం సెప్టెంబర్ 1 నుంచి సాధారణ బియ్యం దిగుమతిని ఆపేసింది. ముందు 60 రోజులు అన్నారు, తర్వాత ఏడాది చివరిదాకా పొడిగించారు.

రెండు ప్రభుత్వాల మధ్య మాట్లాడుకున్న వ్యాపారంలోనే ఇలా జరిగినప్పుడు, ఒక కుటుంబం తన సొంత డబ్బుతో ఎగుమతికి దిగితే ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించాల్సిందే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇది ఊరికే అనుకునే విషయం కాదు. గల్ఫ్‌లో పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసి వచ్చినవాళ్లు చాలామందికి "అక్కడ మనకు తెలిసినవాళ్లు ఉన్నారు, ఇక్కడ బియ్యం ఉంది, ఎక్స్‌పోర్ట్ చేద్దాం" అన్న ఆలోచన వస్తుంది. ఆలోచన మంచిదే. ఆ వెంటనే వినిపించే మాట "ఛాంబర్". ఫలానా దేశంతో వాణిజ్యం పెంచే ఛాంబర్‌లో సభ్యత్వం తీసుకుంటే కొనేవాళ్లు దొరుకుతారు, డబ్బుకు భయం ఉండదు అని చెబుతారు. ఇందులో మొదటి సగం నిజం కావచ్చు. రెండో సగం నిజం కాదు.

ఛాంబర్ అంటే ప్రభుత్వ ఆఫీసు కాదు

ఛాంబర్ ఆఫ్ కామర్స్ అంటే వ్యాపారులు కలిసి పెట్టుకున్న సంఘం. ప్రపంచంలో మొదటిది 1599లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవు పట్టణంలో మొదలైంది. మన దేశంలో బొంబాయి, మద్రాసు ఛాంబర్లు 1836లో పుట్టాయి. హైదరాబాద్‌లో 1917లో, నిజాం కాలంలోనే ఇలాంటి సంస్థ మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాప్సీ అని పిలిచిన ఆ సంస్థే ఇప్పుడు ఎఫ్‌టీసీసీఐ, అంటే తెలంగాణ వాణిజ్య, పారిశ్రామిక మండళ్ల సమాఖ్య. ఆఫీసు రెడ్‌హిల్స్‌లో ఉంది.

అన్ని దేశాల్లో ఛాంబర్లు ఒకేలా ఉండవు. ఫ్రాన్స్‌లో అవి చట్టం ఏర్పాటు చేసిన సంస్థలు. మన దేశంలో మాత్రం ఇష్టమున్నవాళ్లు చేరే సంఘాలు. సొసైటీగానో, కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగానో రిజిస్టర్ అవుతాయి. అంటే కొందరు కలిసి రెండు దేశాల పేర్లు జోడించి ఒక ఛాంబర్ పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. లెటర్‌హెడ్ మీద రెండు జెండాలు ఉన్నంత మాత్రాన అది ఎంబసీ అయిపోదు. నూరేళ్ల చరిత్ర ఉన్న ఛాంబర్లు ఉన్నాయి, నిన్న మొన్న పుట్టినవీ ఉన్నాయి. పేరు చూసి రెంటికీ తేడా చెప్పలేం.

దూరదేశంతో వ్యాపారంలో ఛాంబర్ చేసే పని

నిజంగా పనిచేసే ఛాంబర్ నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, పరిచయాలు. అవతలి దేశం వ్యాపారులను పిలిపించి ఇక్కడివాళ్లతో కూర్చోబెడుతుంది, ఇక్కడివాళ్లను బృందంగా అక్కడికి తీసుకుపోతుంది. రెండు, సమాచారం. ఆ దేశంలో సుంకం ఎంత, బస్తా మీద ఏం రాయాలి, ఏ రకం బియ్యం తింటారు అన్నవి చెబుతుంది. మూడు, ప్రభుత్వానికి విన్నపాలు పెడుతుంది. నాలుగు, పత్రాల మీద ముద్ర వేస్తుంది.

మూడో పని ఎందుకు అవసరమో మిర్యాలగూడ మిల్లర్లకు బాగా తెలుసు. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేసింది. తెల్ల బియ్యానికి మళ్లీ తలుపు తెరుచుకున్నది 2024 సెప్టెంబర్ 28న. అప్పుడు కూడా టన్నుకు 490 డాలర్లకు తగ్గకుండా అమ్మాలన్న షరతు పెట్టారు, దాన్ని అక్టోబర్‌లో ఎత్తేశారు. సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్ల మీద బతికే ఊరికి ఇలాంటి ఒక్క నోటిఫికేషన్ చాలు, లెక్కలన్నీ తారుమారు అవుతాయి. ఒక్క మిల్లు యజమాని ఢిల్లీకి ఉత్తరం రాస్తే చదివేవాళ్లు ఉండరు. సంఘం రాస్తే కనీసం ఫైలు కదులుతుంది.

సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఏం చెబుతుంది

ఇక నాలుగో పని. గల్ఫ్‌కు పోయిన కుటుంబాలకు అటెస్టేషన్ కొత్త కాదు. చదువు సర్టిఫికెట్ మీద ఒకరి తర్వాత ఒకరు ముద్ర వేస్తే చివర ఎంబసీ వేస్తుంది. వ్యాపార పత్రాలకు ఆ వరసలో మొదటి ముద్ర ఛాంబర్‌ది. తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఎంబసీ.

ఛాంబర్ ఇచ్చే వాటిలో ముఖ్యమైనది సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. ఈ సరుకు భారతదేశంలో పుట్టింది అని చెప్పే కాగితం అది. ఛాంబర్లకు ఈ పనిలో ఉన్న పాత్రను 1923 జెనీవా ఒప్పందం కాలం నుంచే దేశాలు గుర్తిస్తున్నాయి. మన దగ్గర ఏ ఛాంబర్ పడితే ఆ ఛాంబర్ దీన్ని ఇవ్వలేదు. విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ కార్యాలయం, అంటే డీజీఎఫ్‌టీ, తన జాబితాలో చేర్చిన సంస్థలకే ఆ అధికారం ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి ఇది కూడా డీజీఎఫ్‌టీ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి.

ఇందులో రెండు రకాలున్నాయి. మామూలు ఛాంబర్లు ఇచ్చేది సరుకు ఏ దేశానిదో చెప్పేది మాత్రమే. రెండో రకం ఉంటే అవతలి దేశంలో సుంకం తగ్గుతుంది. ఉదాహరణకు యూఏఈతో మన దేశానికి ఉన్న ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద సుంకం రాయితీ కావాలంటే ఎగుమతుల తనిఖీ మండలి వంటి, ప్రభుత్వం అధికారం ఇచ్చిన సంస్థల నుంచి ఆ రెండో రకం సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈ తేడా తెలియక మొదటి రకం పట్టుకుపోతే కొన్నవాడు అక్కడ పూర్తి సుంకం కట్టాల్సి వస్తుంది. ఆ నష్టం మన ధరలోనే కోస్తాడు.

హలాల్ సర్టిఫికెట్ కూడా ఛాంబర్ ముద్రతో వచ్చేది కాదు. దాని దారి వేరు, ఇచ్చే సంస్థలు వేరు.

ముద్ర చెప్పని సంగతి

సరుకు ఎక్కడిదో ఛాంబర్ చెబుతుంది. డబ్బు వస్తుందో రాదో చెప్పదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

ఒక లెక్క చూద్దాం. 20 అడుగుల కంటైనర్‌లో దాదాపు 25 టన్నుల బియ్యం పడుతుంది, అంటే 50 కిలోల బస్తాలు 500. కిలో 40 రూపాయలు అనుకుంటే ఒక్క కంటైనర్‌కే 10 లక్షలు. లారీ కిరాయి, పోర్టు ఖర్చు, ఓడ కిరాయి వేరే. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి దాచుకున్న సొమ్ము ఒక్క కంటైనర్‌లో కూర్చుంటుంది. సరుకు రేవుకు చేరాక కొనేవాడు "నూకలు ఎక్కువున్నాయి, ధర తగ్గించు" అంటే ఏం చేయాలి? వెనక్కి తెప్పించాలంటే ఖర్చు, అక్కడే ఉంచితే రోజురోజుకూ కిరాయి. చాలామంది అడిగిన ధరకే వదిలేయాల్సి వస్తుంది. పరిచయం చేసింది ఛాంబరే అయినా ఆ పది లక్షలకు అది పూచీ పడదు.

డబ్బుకు భద్రత బ్యాంకు దగ్గర, బీమా దగ్గర ఉంటుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే, చెప్పిన పత్రాలు చెప్పినట్టు అందిస్తే డబ్బు ఇస్తానని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే హామీ. దీని నియమాలను పారిస్‌లోని అంతర్జాతీయ ఛాంబర్ ఆఫ్ కామర్స్ రాసింది. వాటిని యూసీపీ 600 అంటారు, 2007 జూలై నుంచి నడుస్తున్నాయి. ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి: బ్యాంకు బస్తాలు చూడదు, కాగితాలు చూస్తుంది. వాటిలో తేడా ఉంటే చెల్లింపు ఆగుతుంది.

మన ఇళ్లల్లో ఈ తేడా పేరులోనే మొదలవుతుంది. పాన్ కార్డు మీద మొహమ్మద్, పాస్‌పోర్టులో ఎండీ, బ్యాంకు ఖాతాలో మహ్మద్, జీఎస్టీలో ఇంకోటి. వీసా పనుల్లో ఈ తిప్పలు పడనివాళ్లు తక్కువ. ఎగుమతిలో దిగే ముందే పేరు అన్నిచోట్లా ఒక్కలాగే ఉండేలా సరిచేసుకోవాలి.

బీమా కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ 1957 నుంచి ఉంది. కొనేవాడు దివాలా తీసినా, డబ్బు ఎగ్గొట్టినా, సరుకు పంపాక ఆ దేశం దిగుమతి మీద కొత్తగా ఆంక్షలు పెట్టినా పాలసీ ప్రకారం పరిహారం ఇస్తుంది. సరుకు నాణ్యత మీద తగాదా వస్తే మాత్రం అంత తేలిగ్గా ఇవ్వదు. అందుకే బియ్యం ఓడెక్కే ముందే బయటి తనిఖీ సంస్థతో తేమ, నూకల శాతం పరీక్ష చేయించి రిపోర్టు దగ్గర పెట్టుకోవాలి.

"వాడు మనవాడే, ఒకే గదిలో ఉన్నాం, కాగితాలెందుకు" అనే మాట గల్ఫ్ స్నేహాల్లో మామూలే. అప్పు వ్యవహారం ఏదైనా రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖురాన్‌లోని బఖరా సూరా చెబుతుంది. రాసుకుందాం అనడం స్నేహాన్ని అవమానించడం కాదు.

చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు

మొదటి రోజే సొంత కంటైనర్ పంపాల్సిన పని లేదు. మన తెలంగాణకు సముద్రం లేదు. మిల్లుల్లో చాలామంది కాకినాడ వంటి రేవుల్లో ఉన్న ఎగుమతిదారులకు సరుకు అమ్ముతారు, వాళ్లు పశ్చిమ ఆఫ్రికాకో మరో చోటికో పంపుతారు. లాభం తక్కువే, కానీ సముద్రం అవతలి బాకీ మన నెత్తి మీద ఉండదు. ఆ దారిలో ఏడాది, రెండేళ్లు పనిచేస్తే ధరలు, రకాలు, పత్రాలు అర్థమవుతాయి.

సొంతంగా పంపాలంటే ముందు డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ నంబర్ కావాలి. దానికి సర్కారు ఫీజు 500 రూపాయలే, ఆన్‌లైన్‌లో మనమే తీసుకోవచ్చు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయాలి. తర్వాత ఆహార సరుకులకు అపెడా రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు. బాస్మతి కాని బియ్యం ఎగుమతి చేయాలంటే 2025 సెప్టెంబర్ నుంచి ఒప్పందాన్ని అపెడా దగ్గర నమోదు చేయించాలి. పురుగు, తెగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఇవేవీ ఛాంబర్ సభ్యత్వంతో వచ్చేవి కావు.

సభ్యత్వం కట్టే ముందు అడగండి

ఛాంబర్‌లో చేరవద్దని ఎవరూ అనరు. మంచి ఛాంబర్ దొరికితే ఒంటరిగా ఐదేళ్లలో నేర్చుకునేది ఏడాదిలో నేర్చుకోవచ్చు. డబ్బు చేతి నుంచి పోకముందే ఈ ప్రశ్నలు అడగాలి, అంతే.

మీ సంస్థ ఎప్పుడు, ఏ చట్టం కింద రిజిస్టర్ అయింది? సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఇచ్చే డీజీఎఫ్‌టీ జాబితాలో మీరు ఉన్నారా? పోయిన ఏడాది లెక్కలు సభ్యులకు చూపించారా? మీ ద్వారా నిజంగా సరుకు పంపిన ఇద్దరు సభ్యుల ఫోన్ నంబర్లు ఇస్తారా? అవతలి దేశంలో ఉన్న మన ఎంబసీ వాణిజ్య విభాగానికి మీరు తెలుసా?

చివరి ప్రశ్నకు జవాబు మనమే కనుక్కోవచ్చు. ఎంబసీకి ఒక ఈమెయిల్ రాస్తే చాలు, ఖర్చు లేదు. కొనేవాడి పేరు కూడా అందులోనే అడగొచ్చు. వాళ్ల నుంచి జవాబు రావడానికి వారం పట్టినా ఫర్వాలేదు. సభ్యత్వం రుసుము ఈరోజే కట్టకపోతే అవకాశం పోతుందని ఎవరైనా తొందరపెడితే, ఆ తొందర ఎందుకో ముందు అడగాలి.