స్థూలకాయము - ఆహార నియమము

పూర్వము మన పల్లెలలో బొజ్జ గలవానిని కలిగినవానిగా నెంచుచుండెడివారు. ఆ భావము మారవలసియున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో మూడింట ఒకవంతుకు మించినవారు ఉండవలసిన బరువును దాటియున్నారు. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు ఈ భారము వెంట వచ్చునవే.

ఇది క్రొత్త వ్యాధి కాదు. అతిస్థూలునకు ఆయుఃక్షీణత, దౌర్బల్యము, అధికస్వేదము, మితిమీరిన ఆకలిదప్పులు మున్నగు ఎనిమిది దోషములు కలుగునని చరకసంహిత సూత్రస్థానమున 21వ అధ్యాయము తెలుపుచున్నది. వ్యాయామము లేకుండుట, పగటినిద్ర, అతిగా భుజించుట కారణములట. అట్టివానికి జీర్ణమగుటకు బరువైనదియు, పోషణము తక్కువగా నిచ్చునదియునగు ఆహారము విధింపబడినది. అనగా కడుపు నిండవలెను, కొవ్వు పెరుగరాదు. యవలు, అరికెలు, పెసలు, ఉలవలు అందు చెప్పబడినవి. అరికెలు, ఉలవలు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములవారు ఎరుగనివి కావు.

ఆధునిక శాస్త్రము ఇదే మాటను పీచుపదార్థము పేరిట చెప్పుచున్నది. నూరు గ్రాముల రాగులలో సుమారు 11 గ్రాముల పీచు కలదు. మరపట్టిన తెల్లబియ్యమున 3 గ్రాములైన లేదు. పీచు గల ఆహారము మెల్లగా జీర్ణమై ఆకలిని నిలుపును.

అయితే రాగి మంత్రము కాదు. నూరు గ్రాముల రాగులు సుమారు 320 కేలరీలు, బియ్యము 355 కేలరీలు ఇచ్చును, భేదము స్వల్పమే. కపిల తోలిన తాతగారికి మూడు సంగటిముద్దలు తిన్నను అరుగుచుండెను. మోటారు మీట నొక్కు మనుమనికి ఒక్కటి చాలును. పైగా నేడు కొన్ని ఇండ్ల సంగటిలో పిండికన్న నూకలే హెచ్చు! ప్రక్కన వేసికొను వేరుశెనగ ఊరుబిండిని సైతము చూచి తినవలెను: నూరు గ్రాముల గింజలలో 500 కేలరీలకు పైగా కలవు. ఆయుర్వేదము మెచ్చిన తేనెయందును అధికభాగము చక్కెరయే గనుక, దానిని ఆహారముగా త్రాగరాదు.

కొలత సులభము. మీటర్లలోని ఎత్తును అదే ఎత్తుచే గుణించి, వచ్చిన సంఖ్యతో కిలోగ్రాముల బరువును భాగింపవలెను. 1.6 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గలవానికి 25 వచ్చును. మనదేశీయులకు 23 దాటిన అధికబరువు, 25 మొదలు స్థూలకాయము. నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. దర్జీవాని టేపు చాలును. పంచాయతీ సభ్యులు గ్రామసభనాడు ముందుగా తమ నడుమునే కొలుచుకొనినచో తక్కినవారు వెనుదీయరు.

గర్భిణులకు, బాలింతలకు, ఎదుగు పిల్లలకు పస్తులు విధింపరాదు. మధుమేహమునకు మాత్రలు వాడువారు భోజనము తగ్గించుటకు ముందు ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని సంప్రదింపవలెను.