చక్రాల మీద చిన్న ఇల్లు
పాత మోటార్‌హోమ్ కొని అప్పుడప్పుడూ అడవి అంచుల్లో బస చేయాలన్నది చాలామంది కల. బండి ధర కంటే దాని కాగితాలు, తుప్పు, లెక్కలే ఆ కలకు అసలు పరీక్ష.

జంషెడ్‌పూర్ పొలిమేరలోని ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ. ఒక రేకుల షెడ్డు కింద 12 ఏళ్ల పాత వ్యాను. ఒంటి మీద పసుపు రంగు ఇంకా పూర్తిగా పోలేదు. ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన బండి అది. ఇప్పుడు లోపల రెండు మంచాలు, చిన్న వంటగట్టు, కిటికీలకు పూల కర్టెన్లు. అమ్మకందారు కర్టెన్లు చూపిస్తుంటే మా మావయ్య మాత్రం బండి కింద దూరి, స్క్రూడ్రైవర్‌తో చాసిస్‌ను పొడుస్తున్నారు.

"ఒరే అల్లుడూ, పైన పూలు బాగానే ఉన్నాయి. కింద ఏటుందో ఎవడూ చూడడు" అన్నారు దుమ్ము దులుపుకుంటూ.

ఆ మాట అనే అర్హత ఆయనకుంది. లారీలు తయారయ్యే కర్మాగారంలో మూడు దశాబ్దాల పైగా చాసిస్‌ల నడుమే పనిచేసి రిటైరయ్యారు. ఆయన తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుంచి ఉక్కు పనికోసం ఇక్కడికి వలస వచ్చిన తరం. అలా వచ్చిన తెలుగు కుటుంబాలు బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం కట్టుకుని, పండగలు జరుపుకుంటూ, పెద్ద రైల్లో ఊరికి వెళ్లొస్తూ ఈ ఊరివారైపోయాయి. కూతురి పెళ్లి అయ్యాక మావయ్య గ్రాట్యుటీలో మిగిలింది ఆరు లక్షల రూపాయలు. ఆ డబ్బుతో మోటార్‌హోమ్ కొంటానని ఆయన, బ్యాంకులో వేయమని అత్తయ్య. మధ్యవర్తిగా నన్ను పిలిచారు.

కోరికలో అసహజమేమీ లేదు. జంషెడ్‌పూర్ చుట్టూ ప్రకృతి ధారాళంగా ఉంది. 13 కి.మీ. దూరంలో దల్మా కొండల పాదాల వద్ద డిమ్నా సరస్సు. రాంచీ దారిలో సువర్ణరేఖ మీద చాండిల్ ఆనకట్ట. మరోవైపు 45 కి.మీ. వెళితే బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నివసించిన ఘాట్‌శిలా, దాని పక్కనే బురుడీ చెరువు. రాంచీ దాటి మరో 150 కి.మీ. పోతే నేతర్‌హాట్ సూర్యోదయం. ఇవన్నీ కాక ఆరేడు వందల కి.మీ. దూరంలో సొంతూరు. సంక్రాంతికి రైలు టికెట్లు దొరకని బాధ ప్రతి వలస కుటుంబానికీ తెలిసిందే.

నిజానికి ఈ సరదా పాతదే. విహారం కోసం ప్రత్యేకంగా చేయించుకున్న తొలి కారవాన్‌గా చెప్పేది 1885 నాటి గుర్రపు బండి 'ది వాండరర్'. గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు బ్రిస్టల్‌లో దాన్ని కట్టించుకుని బ్రిటన్ తిరిగారు. 1950ల్లో ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లకు పడక, వంటగది అమర్చడంతో ఐరోపా మధ్యతరగతికి అది అందుబాటులోకి వచ్చింది. తెలుగువారికి పరిచయమైన మోటార్‌హోమ్ మాత్రం విహారానిది కాదు, రాజకీయానిది. 1982లో తెలుగుదేశం స్థాపించాక ఎన్.టి. రామారావు షెవర్లే వ్యాన్‌ను 'చైతన్య రథం'గా మార్పించి, తనయుడు హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. దాన్లోనే తిండి, నిద్ర. 1983 జనవరిలో అధికారం దక్కింది. బండిని ఇల్లుగా మార్చుకోవడంలో అంతటి లాభం పొందినవారు అరుదు.

పేరొకటి, బండి మరొకటి
పాశ్చాత్య దేశాల్లో పాత మోటార్‌హోమ్ అంటే కర్మాగారంలోనే ఇల్లుగా తయారై, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారిన బండి. మన దగ్గర అలాంటివి అరుదు. ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి ఎక్కువగా పాత టెంపో ట్రావెలర్లు, బడి బస్సులు, అంబులెన్సులు. వాటి సీట్లు పీకి, మంచాలు వేసి, 'కారవాన్' అని పేరు పెడతారు. చిక్కంతా ఆ పేరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉందా లేదా అన్నదే.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఉత్పత్తిదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ పొంతన లేకుండా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు లేదా రూ.5,000 జరిమానా లేదా రెండూ పడే వీలుంది. మోటార్ కారవాన్లకు ఎ.ఐ.ఎస్.-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్ వ్యాన్ అనే తరగతి కూడా రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ఉంది. కాబట్టి కొనేవారు ముందు చూడాల్సింది పరుపు మెత్తదనం కాదు, ఆర్సీలో వాహన తరగతి గడి.

ఆదిత్యపూర్ వ్యాను ఆర్సీలో ఇంకా 'స్కూల్ బస్సు' అనే ఉంది. "అదేం పెద్ద విషయం కాదు, ఎవరూ అడగరు" అన్నాడు అమ్మకందారు. పోలీసు అడగకపోవచ్చు. కానీ రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడుగుతుంది. కాగితంలో ఒకటి, రోడ్డు మీద మరొకటి ఉంటే పరిహారం నిరాకరించడానికి అంతకంటే సాకు అక్కర్లేదు. ధర మాత్రం ఊరించేలా ఉంది, నాలుగు లక్షలు. మావయ్య కాసేపు ఊగిసలాడారు. చివరకు "నా సర్వీసంతా కాగితం సరిపోకపోతే చాసిస్‌ను ముందుకు కదలనివ్వలేదు. ఇప్పుడు నా ఇంటికే తెచ్చుకుంటానా?" అంటూ బయటికొచ్చేశారు.

వయసు లెక్క
రెండో గడి వయసు. సొంత వాడకం వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేసి ఏళ్లు పొడిగిస్తారు. ఈ పొడిగింపు ఇప్పుడు చవక కాదు. కార్ల తరగతి వాహనాలకు రూ.600 ఉన్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి రూ.5,000 అయింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. రవాణా వాహనంగా నమోదైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటేటా ఫిట్‌నెస్ తప్పదు. 14 ఏళ్ల బండిని చవగ్గా కొన్నామని సంబరపడేవారు మరుసటి ఏడాది ఖర్చును ధరలో కలుపుకుని చూడాలి.

ఢిల్లీ నుంచి వచ్చే బండ్ల మీద కూడా ఒక కన్నేయాలి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు అక్కడ తిరగరాదన్న హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించాక, ఎన్నో మంచి బండ్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాల దారి పట్టాయి. అలాంటివి కొంటే ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, ఫారం 29, 30ల మీద యాజమాన్య బదిలీ, అప్పు ఉండి తీరితే ఫారం 35 ఉండాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి, రోడ్డు పన్ను మళ్లీ కట్టాలి.

లైసెన్సు గురించి మాత్రం కాస్త ఊరట. 7,500 కిలోల లోపు బరువున్న వాహనాలకు తేలికపాటి వాహనాల లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. టెంపో ట్రావెలర్ స్థాయి బండ్లు ఈ హద్దులోనే ఉంటాయి.

స్క్రూడ్రైవర్ పరీక్ష
కాగితాలు సరిపోయాకే బండి. మావయ్య పద్ధతి సులువైనది. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళతారు. ముందే వేడి చేసి ఉంచారంటే స్టార్టింగ్ సమస్య దాస్తున్నారని అర్థం. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయేమోనని అనుమానించాలి. ఆయిల్ మూత తీస్తే పొగ ఉబికి వస్తోందంటే పిస్టన్ రింగులు అరిగాయి. తర్వాత చాసిస్, కమాన్ పట్టీలు, తలుపు గడపల కింద తుప్పు. స్క్రూడ్రైవర్ దిగబడిన చోట వెల్డింగు ఖర్చు రాసుకోవాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు అది తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. తక్కువ తిరిగే బండిలో టైరు గాట్లు బాగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం బీటలు వారి ఉంటుంది.

ఇల్లు భాగానికి పరీక్ష వేరు. అక్కడ శత్రువు నీరు. పైకప్పుకు కోసిన కన్నాలు, కిటికీ అంచుల దగ్గర ప్లైవుడ్‌ను వేలితో నొక్కి చూడాలి. మెత్తగా తగిలితే లోపల కుళ్లినట్టే. గాలి గంధం కూడా చెబుతుంది. కొత్త పెయింటు, అగరబత్తి కలిసిన వాసన వస్తే బూజు కోసం వెతకాలి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుకే సిలిండరు గూటికి కింది భాగంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండి తీరాలి. మేం చూసిన నాలుగు బండ్లలో మూడింటికి అది లేదు.

కరెంటు విషయంలో ఆశలు హద్దులో ఉంచుకోవాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఉండేది 1,800 వాట్ గంటలు. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 900. రాత్రంతా ఒక చిన్న ఫ్యాను, రెండు లైట్లు, ఫోన్ల చార్జింగు కలిసి 300 అవుతాయి. అంటే మూడు రాత్రులు నిశ్చింత. ఏసీ పెడితే అదే బ్యాటరీ గంట కూడా రాదు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోల బరువన్నదీ మరవకూడదు.

రాత్రికి ఎక్కడ?
బండి ఉన్నా నిలిపే చోటు మరో ప్రశ్న. కేంద్ర పర్యాటక శాఖ కారవాన్ పార్కుల విధానాన్ని 2010 ప్రాంతంలోనే తెచ్చింది. 2021లో మహారాష్ట్ర, కేరళ సొంత విధానాలు ప్రకటించాయి. తూర్పు రాష్ట్రాల్లో ఆ ఊపు లేదు. దల్మా అభయారణ్యంలో ఎక్కడ పడితే అక్కడ ఆగి పడుకోవడం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రవేశానికీ, బసకూ అనుమతి కావాలి. అనుమతి సంగతి అటుంచితే, అది ఏనుగుల తావు. వంట వాసనకు అవి వస్తే వ్యాను రేకు అడ్డం కాదు. తెలిసినవారి తోట, దాబా ఆవరణ, ముందే మాట్లాడుకున్న రిసార్టు స్థలం వంటివే మేలు.

ఇక అసలు లెక్క. అన్నీ సవ్యంగా ఉన్న బండి 5.25 లక్షలు, మరమ్మతులు 75 వేలు అనుకున్నాం. ఐదేళ్ల తర్వాత రెండు లక్షలకు అమ్ముడుపోతే నష్టం నాలుగు లక్షలు. బీమా, సర్వీసు, టైర్లు, బ్యాటరీ కలిపి ఏడాదికి 40 వేల చొప్పున మరో రెండు లక్షలు. మొత్తం ఆరు లక్షలు. ఏడాదికి 15 రాత్రులు వాడితే ఐదేళ్లలో 75 రాత్రులు. ఒక్కో రాత్రికి రూ.8,000, డీజిల్ అదనం. కాగితం మీద ఈ అంకె చూసి అత్తయ్య అంది: "ఆ డబ్బుతో పెద్ద హోటల్లో పడుకుని, పొద్దున్నే ఎవరో తెచ్చిన కాఫీ తాగొచ్చు కదండీ."

మావయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనతోపాటు రిటైరైన ఇద్దరు మిత్రులతో వచ్చారు. మూడు కుటుంబాలు కలిసి కొంటే ఏడాదికి 45 రాత్రులు, ఐదేళ్లకు 225. అదే ఆరు లక్షలకు రాత్రి ఖర్చు రూ.2,700 లోపు. వాడకం పెరిగితే అరుగుదల పెరుగుతుంది కనుక మూడు వేలు అనుకున్నా, ఆయన వాటాకు గ్రాట్యుటీలో మూడో వంతు చాలు. మిగతాది బ్యాంకుకే. ఆర్సీ ఒక్కరి పేరిటే ఉంటుంది కాబట్టి వాటాలు, మరమ్మతులు, అమ్మకం గురించి స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. బయటివారికి అద్దెకివ్వరాదన్నది మొదటి షరతు. అద్దె పుచ్చుకుంటే అది సొంత వాడకం కాదు, బీమా కూడా చేదోడు కాదు.

రెండు నెలలు వెతికాక రాంచీలో 11 ఏళ్ల ట్రావెలర్ దొరికింది. కర్టెన్లు వెలిసిపోయి ఉన్నాయి గానీ ఆర్సీలో 'క్యాంపర్ వ్యాన్' అని స్పష్టంగా ఉంది. అదే రాష్ట్రం కావడంతో కొత్త నంబరు గొడవ లేదు. నెలకోసారైనా 20 కి.మీ. నడపాలని, లేకపోతే బ్యాటరీ చచ్చి ఎలుకలు వైర్లు కొరుకుతాయని మావయ్య అప్పుడే క్యాలెండరులో వంతులు రాసేశారు.

తొలి బస చాండిల్ దగ్గర తెలిసినవారి తోటలో. రాత్రి రెండింటికి వాన మొదలైంది. పైకప్పు గాలిగుంట అంచు నుంచి చుక్క చుక్కగా నీళ్లు. అన్ని పరీక్షలూ చేసిన మావయ్య ముఖం చిన్నబోయింది. అత్తయ్య లేచి, దాని కింద అన్నం గిన్నె పెట్టి మళ్లీ పడుకుంది. "క్వార్టర్‌లో ముప్పై ఏళ్లు నాలుగు చోట్ల కారింది. ఇక్కడ ఒక్క చోటే కదా, పడుకోండి" అంది.

తెల్లారాక ఆయన సీలెంట్ ట్యూబుతో పైకెక్కారు. కింద స్టవ్ మీద కాఫీ మరుగుతోంది. కాచింది అత్తయ్యే. హోటల్ ప్రస్తావన మాత్రం రాలేదు.