ఆత్మరక్షణకు చేతితుపాకి



ఈ నడుమ మా ప్రాంతపు రైతులిద్దరు నా యొద్దకు వచ్చి యొక ప్రశ్న అడిగిరి. "పొలాల మధ్య ఒంటరి ఇళ్ళు మావి. మిర్చి అమ్మిన డబ్బు ఒక్కోసారి ఇంట్లోనే ఉంటుంది. రివాల్వరుకు లైసెన్సు ఎట్లా తెచ్చుకోవాలి?" అని. నాకు తెలిసినంతవరకు ఆ మార్గము చెప్పితిని. కాని వారు అడుగవలసియుండి అడుగని ప్రశ్న వేరొకటి కలదు. లైసెన్సు వచ్చిన పిమ్మట ఆ యాయుధమును చేతబట్టుట ఎట్లు? ఈ ప్రశ్నను నేనును పదునాలుగేండ్లు ఎవ్వరిని అడుగలేదు. అందువలన మా యింట జరుగబోయి తప్పిన ఘోరమును మొదట విన్నవించి, తరువాత నేర్చుకొన్న సంగతులు చెప్పుదును.

మా తండ్రిగారు 1984వ సంవత్సరమున కాలము చేసిరి. వారికి లైసెన్సుతో నున్న 32 బోరు రివాల్వరు, అధికారుల యనుమతితో, నా పేరికి మారినది. నేను దానిని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టితిని. ఏటికొకమారు తీసి తుడిచి, మరల లోపల పెట్టుట తప్ప దానితో నాకు వేరు పరిచయము లేదు. అది యింట నున్నదన్న ధైర్యమునే రక్షణ యని భ్రమించితిని.

1998వ సంవత్సరమున, మిరపకాయల సొమ్ము ఇంట నున్న యొక రాత్రి, కుక్కలు మొరిగినవి. పెరటిలో గొడ్లసావిడి ప్రక్క ఎవరో వంగి కదలుచుండుట కిటికీలోనుండి కనబడెను. రివాల్వరు తీసికొని, వెనుక తలుపు తెరచి, "ఎవరురా అది?" అని కేక వేసితిని. బదులు లేదు. గుండె చప్పుడు నా చెవులకు వినబడుచుండెను. చేయి వణకుచుండెను. వ్రేలు మీటపైకి ఎప్పుడు పోయెనో నేనెరుగను. అంతలో నా వెనుకనుండి నా భార్య సావిడి దీపపు స్విచ్చి నొక్కెను. వెలుతురులో నిలిచినవాడు మా పాలేరు. ఈనబోవు గేదెను చూచుటకు వచ్చినాడు. అతనికి చెవుడని ఇరువదియేండ్లుగా నాకు తెలియును. తెలిసియు ఆ క్షణమున జ్ఞప్తికి రాలేదు. "ఏందయ్యగారూ, నిద్ర పట్టలేదా?" అని అతడు నన్నడిగెను. నా చేతిలోనిదానిని అతడు చూడలేదు. నా భార్య చూచినది. మరునాటి ఉదయమున ఆమె, "దాన్ని వాడటం నేర్చుకోండి, లేకపోతే ఇంట్లోంచి తీసెయ్యండి" అని మాత్రము చెప్పెను.

ప్రక్క గ్రామమున సైన్యమునుండి విరమించిన సుబేదారుగారొకరు ఉండిరి. ఆయన యొద్దకు పోయి జరిగినదంతయు చెప్పితిని. ఆయన నన్ను మందలింపలేదు. కాని నెల దినములు ఒక్క తూటానైన ముట్టనీయలేదు. ఖాళీ రివాల్వరుతోనే పాఠము సాగినది.

రివాల్వరు పనిచేయు తీరు మీకు కొంత తెలియవలెను. 1836వ సంవత్సరమున అమెరికాలో శామ్యూల్ కోల్టు అనునతడు పేటెంటు పొందిన పద్ధతియే నేటికిని దానికి మూలము. గొట్టము వెనుక తిరుగు చక్రమొకటి యుండును. 32 బోరు రివాల్వర్లలో సాధారణముగా ఆ చక్రమున ఆరు తూటాలు పట్టును. మీటను లాగినపుడు చక్రము ఒక యర తిరిగి, సుత్తి వెనుకకు లేచి, ఒక్కసారిగా తూటాపై పడును. ఇంత పని వ్రేలి బలముతోనే జరుగవలెను గనుక మీట బరువుగా నుండును. ఆ బరువును లాగునప్పుడు చేయంతయు బిగిసి, తుపాకి మూతి ప్రక్కకు తొలగును. ఎంత తొలగునో లెక్క చూడుడు. గురి చూచుటకు వెనుక నొక గంటు, ముందు నొక ముక్కు ఉండును. వాని నడుమ దూరము 10 సెంటీమీటర్లనుకొందము. ముందు ముక్కు ఒక్క మిల్లీమీటరు తొలగినచో, 10 మీటర్ల దూరమున గుండు 10 సెంటీమీటర్లు తప్పును. పొడుగు గొట్టపు తుపాకికి ఈ దోషమింతగా నుండదు. చేతితుపాకి చిన్నది గనుక సులభమని తలచుట పొరపాటు. అన్ని తుపాకులలోను గురి కుదురుట కష్టమైనది ఇదియే.

సుబేదారుగారు తరువాత నన్ను అనుమతి గల కాల్పుల మైదానమునకు తీసికొని పోయిరి. అచట ఆయన చేసిన యుపాయము నేటికిని మరువలేను. చక్రములో కొన్ని యరలలో నిజమైన తూటాలను, కొన్నింటిలో కాల్చిన ఉత్త డొల్లలను నాకు తెలియకుండ పెట్టి చేతికిచ్చెడివారు. సుత్తి డొల్లపై పడినపుడు చప్పుడు లేదు, కుదుపు లేదు. కాని నా చేయి మాత్రము క్రిందికి కుంగెడిది. రాబోవు చప్పుడునకు ముందుగానే నేను జడియుచున్నానని నా కన్నులకు నేనే కనబడితిని. "నీ గురి చెడ్డది కాదు బాబూ, నీ భయం తొందరపడుతోంది" అని ఆయన అనిరి. అది కుదుటపడుటకు నాకు ఏడాది పట్టినది. పట్టపగలు, ప్రశాంతముగా, అట్ట బొమ్మ యెదుటనే ఇంత కాలము పట్టినచో, అర్ధరాత్రమున ప్రాణభయముతో నున్నవాని సంగతి ఏమి చెప్పవలెను? భయమున చేతులు వణకును, చూపు సన్నగిల్లి ఎదుటనున్న దొక్కటే కనబడును, ప్రక్కనున్నవారి మాట చెవికెక్కదు. అభ్యాసమున స్థిరపడినది మాత్రమే అపుడు చేతికి వచ్చును.

అమెరికా దేశమున జెఫ్ కూపరు అను సైనికాధికారి 1976వ సంవత్సరమున అరిజోనా రాష్ట్రములో చేతితుపాకి విద్యకు ఒక పాఠశాల స్థాపించెను. అతడు ప్రచారమునకు తెచ్చిన నాలుగు నియమములు నేడు అనేక దేశముల శిక్షకులు బోధించుచున్నారు. మన మాటలలో అవి ఇట్టివి. మొదటిది, ప్రతి తుపాకియు నిండియున్నదనియే భావింపవలెను. రెండవది, నాశనము చేయ నిష్టము లేనిదానివైపు దాని మూతి త్రిప్పరాదు. మూడవది, గురి కుదురువరకు వ్రేలు మీటపై పెట్టరాదు. నాలుగవది, ఎదుట నున్నదెవరో, వాని వెనుక నున్నదేమో నిశ్చయముగా తెలియవలెను. ఆనాటి రాత్రి నేను మూడవ నియమమును, నాలుగవ నియమమును ఒక్కసారే తప్పితిని. మా పాలేరు వెనుక నున్నది అతని కుటుంబము నిద్రించు గుడిసె. గుండు అతనికి తప్పినను, తడిక గోడను సులభముగా దాటెడిది.

కావున రాత్రివేళ అలికిడి వినబడినచో మొదట చేయవలసినది దీపము వేయుట, పేరు పెట్టి పిలుచుట, ఇంటివారందరిని ఒక గదిలో చేర్చి తలుపు వేసికొనుట, 112 సంఖ్యకు ఫోను చేయుట. తుపాకి పట్టుకొని వెదకుటకు బయలుదేరుట కాదు. తలుపు విరుగగొట్టి ప్రాణము తీయవచ్చినవాడు ఎదుట నిలిచినప్పుడు మాత్రమే దాని యవసరము.

చట్టమును ఈ విషయమున వివేకముగనే మాటలాడుచున్నది. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణను గూర్చినవి. ప్రాణమునకో, తీవ్రమైన గాయమునకో న్యాయమైన భయము కలిగినపుడు దాడి చేయువాని ప్రాణము పోవునంతవరకైనను ఎదిరించు హక్కు కలదు. రాత్రివేళ ఇంటికి కన్నము వేయువాని విషయమునను, దోపిడిగాని విషయమునను అట్టి హక్కు చెప్పబడినది. కాని అవసరమునకు మించిన హాని చేయరాదనియు, పోలీసుల సహాయము పొందుటకు వ్యవధి యున్నచో ఆ హక్కు లేదనియు అదే చట్టము నిర్ణయించినది. చేనిలో కాయలు కోసికొనిపోవువానిని చంపుటకు ఎవ్వరికిని హక్కు లేదు. వెనుదిరిగి పరుగెత్తుచున్నవానిని వీపున కాల్చి, ప్రాణభయము చేత కాల్చితినని న్యాయస్థానమున నిలువబెట్టుకొనుట దుర్లభము.

ఆయుధములను గూర్చిన చట్టమునకు దీర్ఘమైన చరిత్ర కలదు. 1878వ సంవత్సరమున లిట్టను ప్రభుత్వము చేసిన చట్టమున భారతీయులకు లైసెన్సు కావలసి యుండగా, ఐరోపావారికి మినహాయింపు ఉండెను. స్వాతంత్ర్యానంతరము 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము దాని స్థానమున వచ్చి, 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలైనది. 2016వ సంవత్సరపు నియమములు లైసెన్సు కోరువారు ఆయుధ భద్రతలో శిక్షణ పొందవలెనని విధించినవి. 2019వ సంవత్సరపు సవరణ ఒక్కరికి రెండు తుపాకులకు మించి యుండరాదని నిర్ణయించి, పెండ్లిండ్లలో సంబరమునకు కాల్చుట శిక్షార్హమైన నేరముగా చేసినది. ఇది మంచి పని. ఆకసమునకు కాల్చిన గుండు ఎక్కడనో మరల నేలకు రాక తప్పదు.

అమెరికాలో నున్న మన పిల్లలు ఫోనులో వేరు సంగతులు చెప్పుదురు. మనవారు పెక్కుమంది నివసించు టెక్సాసు రాష్ట్రమున 2021 సెప్టెంబరు 1వ తేదీనుండి, చట్టము నిషేధింపని వయోజనులు అనుమతిపత్రము లేకయే చేతితుపాకి ధరింపవచ్చును. అది ఆ దేశపు రాజ్యాంగము నిచ్చిన హక్కు. మన దేశమున ఆయుధము హక్కు కాదు, అనుమతి. ఆ రెండు పద్ధతులలో ఏది మేలన్న వాదము నా కక్కరలేదు. కాని ఆ దేశపు లెక్క యొకటి ప్రతి గృహస్థుడు వినదగినది. 2021వ సంవత్సరమున అచట తుపాకుల వలన 48,830 మంది మరణించిరి. అందులో 26,328 మంది తమ్ము తామే కాల్చుకొన్నవారు. అనగా సగమునకు మించి. దొంగకొరకు దాచిన తుపాకి ఇంటివానికే మృత్యువగుట ఇట్లు జరుగుచున్నది.

ఈ మాట మన గ్రామములకును తగును. అప్పుల బాధలోనో, పుత్రశోకములోనో, త్రాగుడులోనో మునిగిన మనుష్యుడు ఇంటనున్నప్పుడు ఆయుధము ఆ యింట ఉండరాదు. దానిని పోలీసుస్టేషనులోగాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి యొద్దగాని డిపాజిటు చేసి రసీదు తీసికొనవచ్చును. ఇందులో నవమానము లేదు. మామూలు దినములలో సయితము తూటాలు తీసి, తుపాకిని ఇనుప పెట్టెలో తాళము వేసి, తూటాలను వేరొకచోట దాచవలెను. తాళపుచెవి మనుమల చేతికందరాదు. వెంట తీసికొని పోవునపుడు పంచె మొలలో దోపుకొనుట, సంచిలో పడవేయుట ప్రమాదకరము. మీటను పూర్తిగా కప్పు తోలు ఒరలో, పైకి కనబడకుండ ఉంచవలెను. తిరునాళ్ళకు, ఊరేగింపులకు, సభలకు, బడులకు తీసికొనిపోరాదని లైసెన్సు షరతులలోనే యున్నది. ఒక చుక్క మద్యము ముట్టినవాడు ఆనాడు తుపాకి ముట్టరాదు.

నాకిప్పుడు డెబ్బది దాటినవి. కన్ను మసకబారినది. కిందటి యేడు మైదానమున వరుసగా పండ్రెండు తూటాలు కాల్చగా అయిదు మాత్రమే బొమ్మకు తగిలినవి. తక్కిన ఏడును ఎక్కడికి పోయినవో ఆలోచించుకొని, మరుసటి వారమే రివాల్వరును ఆయుధ వ్యాపారి యొద్ద డిపాజిటు చేసితిని. లైసెన్సుదారునకు డెబ్బది యేండ్లు నిండినచో వారసుడు తన పేర లైసెన్సు కోరుకొనుటకు నియమములలో నవకాశమున్నది. మా యబ్బాయి అది తెలిసికొని, "నాన్నగారూ, నా పేర దరఖాస్తు పెడతాను" అనెను. "ముందు ఏడాది నేర్చుకో. తర్వాత కావాలో వద్దో నువ్వే చెప్పు" అంటిని. ఇప్పుడు ఆదివారములందు మైదానమునకు పోవుచున్నాడు. ఇంకను ఏమియు చెప్పలేదు. నా యొద్దకు వచ్చిన రైతులిద్దరికిని అదే మాట చెప్పి పంపితిని. సావిడికొక దీపము, మంచి తలుపు, ఇరుగుపొరుగువారి ఫోను నంబర్లు ముందుగా సమకూర్చుకొమ్మనియు చెప్పితిని. మా పాలేరు ఆ రాత్రి తరువాత మరి పదునారేండ్లు బ్రతికి, తన మనుమరాలి పెండ్లి చూచి పోయెను. ఆనాటి సంగతి అతనికి నేనెన్నడును చెప్పలేకపోతిని. మీకు చెప్పితిని.