తూలు దేహమునకు తోడగు సాధన

ఒక్కొక్క చెవి లోపల మూడు అర్ధవర్తుల కుల్యలును, వానిని చేరి రెండు చిన్న తిత్తులును ఉండి, తల యెటు తిరిగినది, ఎటు వాలినది అను వార్తను క్షణక్షణము మెదడునకు తెలుపుచుండును. ఆ వార్త యందిన సుమారు సెకనులో 100వ వంతు కాలములోనే కన్నులు తలకు ఎదురుదిశగా కదలుటవలన, నడచుచు కూడ మనము దుకాణపు బోర్డును చదువగలుగుచున్నాము.

వైరస్ సోకి ఆ వార్తను మోయు నరము వాచినను, ప్రాణరక్షణకై యిచ్చిన స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి మందులు లోచెవిలోని సూక్ష్మకణములను నశింపజేసినను ఈ యింద్రియము చెడును. స్ట్రెప్టోమైసిన్ వలన దీనిని కోల్పోయిన అమెరికన్ వైద్యుడొకరు, నాడి కొట్టుకొను స్వల్పచలనమునకే పుటలోని యక్షరములు ఎగిరిపడుచుండగా, తలను మంచపు కడ్డీల నడుమ బిగియించి చదువుకొనవలసివచ్చెనని 1952లో వ్రాసిరి. ఇట్లు నశించిన కణములు మనుష్యులలో పనికివచ్చునంతగా మరల పుట్టవు. అయినను కన్నులనుండియు, మెడనుండియు, పాదములనుండియు వచ్చు వార్తలతో ఆ లోటును పూరించుకొను నేర్పు మెదడునకు కలదు.

ఆ నేర్పు కదలికవలననే యలవడును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో కాథోర్న్ అను చెవివైద్యుడును, కుక్సీ అను మరియొక వైద్యుడును, తలకు దెబ్బ తగిలిన వారిలో కదలుచు తిరుగువారు త్వరగా కోలుకొనుట గమనించి, పడకమీద కన్నులు త్రిప్పుట మొదలుకొని బంతి విసరుటవరకు సాగు వ్యాయామక్రమము నేర్పరచిరి. నేటి సాధనలో ముఖ్యమైనది మిక్కిలి సరళము: చేచాపు దూరమున గోడపై నొక అక్షరము నంటించి, అది చెదరక స్పష్టముగా కనబడునంత వేగముతో తలను అటునిటు త్రిప్పవలెను. అప్పుడు కొంత తల తిరుగును. ఆ కొంచెము తల తిరుగుటయే మెదడునకు తన పొరపాటును తెలిపి దిద్దుకొనజేయును గనుక, దానికి వెరచి మానరాదు. తల తిరుగకుండ నిచ్చు మాత్రలను తొలి దినములు గడచిన పిదపను మ్రింగుచుండినచో కోలుకొనుట ఆలస్యమగును.

రెండు చెవులును చెడినవారికి చీకటిలోను, మిట్టపల్లముల నేలపైనను ఇబ్బంది కొంత మిగులును. తల తిరుగుటతోబాటు మాట తడబడినను, వస్తువులు రెండుగా కనబడినను, అది పక్షవాత సూచన కావచ్చును గాన తక్షణమే ఆసుపత్రికి పోవలెను. తక్కినవారు వైద్యపరీక్ష పిమ్మట ఫిజియోథెరపిస్టు చెప్పిన క్రమమును ప్రతిదినము పాటింపవలెను. ఇంటివారలారా, లేచినచో పడుదువని రోగిని మంచమునకు కట్టివేయకుడు; ప్రక్కన నిలిచి, నడువనిండు.