బావి ఈత వేరు, పగడాల మునక వేరు

లింగంపేట: మెట్లబావిలో దూకి ఈత నేర్చిన లింగంపేట వాసులకు సముద్రం దూరపు మాట. కాని బంగాళాఖాతంలోని అండమాన్ దీవులకు పోతే అక్కడా తెలుగు వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే.

విహారయాత్రికులు ఎక్కువగా దిగేది హేవ్‌లాక్ దీవిలో. 2018లో దీని పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. తెల్లని ఇసుక, చెట్ల నీడన బస. పడవపై కొంత దూరం పోతే పగడపు దిబ్బలు. గాలి సిలిండర్ వీపున కట్టుకుని, శిక్షకుని వెంట నీటిలోకి దిగుతారు.

బావిలో మునిగేవారు ఊపిరి బిగబడతారు. ఇక్కడ ఆ అలవాటే ప్రాణాపాయం. పైకి వచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిట్లవచ్చు. అందుకే ఆగకుండా శ్వాసించాలి. మునిగిన రోజే విమానం ఎక్కరాదు.

పగడపు దిబ్బ ఉత్త రాయి కాదు, చిన్న జీవులు కట్టుకున్న ఇల్లు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో పగడాలు విస్తారంగా తెల్లబారాయి. గుర్తుగా ఒక్క ముక్క తెచ్చినా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

దిబ్బలు పోతే చేపలు తగ్గుతాయి. అప్పుడు ముందుగా నష్టపోయేది యాత్రికులు కాదు, ఆంధ్ర తీరం నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన జాలరి కుటుంబాలు.