సెల్ఫ్ తిరుగని ట్రాక్టరు: దోషము కనుగొను విధము

మృగశిర కార్తె వచ్చి తొలకరి పడగానే దుక్కులకు తొందర ఎక్కువగును. వేసవి అంతయు చెట్టు నీడన నిలిచియున్న ట్రాక్టరును ఆనాడు బయటకు తీయబోవుదురు. కీ త్రిప్పిన ఇంజను తిరుగదు. పదును ఆరకముందే విత్తనము పడవలెను గనుక రైతు ఆత్రపడుట సహజము. ఆ ఆత్రములో రెండు పొరపాట్లు తరచుగా జరుగుచున్నవి. ఒకటి, ఏ పరీక్షయు లేకుండ క్రొత్త బ్యాటరీ కొనుట. రెండు, నేలమీద నిలిచి సెల్ఫ్ మోటారు టెర్మినళ్ళను స్క్రూడ్రైవరుతో కలుపుట. మొదటిది డబ్బుకు చేటు, రెండవది ప్రాణమునకు చేటు. ఈ రెండింటి అవసరము లేకుండ దోషమును ఎట్లు పట్టుకొనవలెనో తెలిసికొందము.

హైదరాబాదుకు దక్షిణమున, శంషాబాదు విమానాశ్రయమునకు చేరువలోనున్న జల్‌పల్లి వంటి చోట్ల సాగుభూమి తగ్గి ఇండ్లు పెరిగినవి. ఇట్టి ప్రాంతములలో ట్రాక్టరు దుక్కి కొరకే గాక ట్రాలీలను, నీటి ట్యాంకర్లను లాగుటకును పనిచేయును. కొద్ది దూరము పోయి ఆపుట, మరల స్టార్టు చేయుట రోజంతయు సాగును. ప్రతి స్టార్టుకు బ్యాటరీనుండి ఎక్కువ కరెంటు ఖర్చగును. అది తిరిగి నిండుటకు చాలినంత సేపు ఇంజను తిరుగదు. అందుచేత వేసవిలో పనిలేని ట్రాక్టరుకే గాక రోజును పనిచేయు ట్రాక్టరుకు కూడ ఈ చిక్కు కలుగును.

కరెంటు నడచు దారి

సెల్ఫ్ తిరుగుటకు రెండు దారులలో కరెంటు పారవలెను. చిన్న దారి బ్యాటరీనుండి ఫ్యూజు, కీ, సేఫ్టీ స్విచ్చి మీదుగా సాలినాయిడ్‌కు పోవును. పెద్ద దారి బ్యాటరీనుండి లావుపాటి తీగ ద్వారా సాలినాయిడ్‌ను దాటి మోటారుకు పోయి, ఇంజను ఒంటి మీదుగా ఎర్తు తీగ ద్వారా బ్యాటరీకి తిరిగి వచ్చును. సాలినాయిడ్ చెరువు తూము వంటిది. చిన్న కరెంటు తూము తలుపు ఎత్తును. పెద్ద కరెంటు దాని గుండా పారును. చెరువులో నీరు తక్కువైనను, తలుపు లేవకున్నను, కాలువ పూడినను పొలమునకు నీరందదు. ఇక్కడను అంతే. చెరువు బ్యాటరీ, కాలువలు తీగలు, అతుకులు.

మొదట చెవితో, కంటితో పరీక్ష

గేరును న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు వేసి, సీటుపై కూర్చుండుడు. హెడ్‌లైట్లు వెలిగించి కీ త్రిప్పి, శబ్దమును, వెలుగును గమనించుడు.

ఏ శబ్దము లేక, లైట్లు తగ్గకుండ వెలుగుచున్నచో దోషము చిన్న దారిలో ఉన్నదని అనుమానించవలెను. ఫ్యూజు, కీ స్విచ్చి, సేఫ్టీ స్విచ్చి, సాలినాయిడ్‌కు పోవు సన్నని తీగ చూడవలెను. పలు ట్రాక్టర్లలో క్లచ్చి పూర్తిగా త్రొక్కనిదే, లేక గేరు న్యూట్రల్‌లో లేనిదే సెల్ఫ్ పనిచేయదు. ముందు ఇది సరిచూడుడు.

టకటకమని వరుసగా కొట్టుకొనుచు లైట్లు మినుకుమినుకుమన్నచో బ్యాటరీ నీరసించినది, లేక దాని టెర్మినల్ వదులైనది.

ఒక్కసారి టక్కుమని ఆగి, లైట్లు బాగుగనే ఉన్నచో సాలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలుట, లేక మోటారు బ్రష్షులు అరుగుట కారణము కావచ్చును.

ఇంజను చురుకుగా తిరిగియు అంటుకొననిచో సెల్ఫ్‌ను అనుమానింపనక్కరలేదు. డీజిలు, గాలి ప్రవేశము, ఫిల్టరు మొదలగువానిని చూచుకొనవలెను.

తరువాత మీటరుతో పరీక్ష

చవుకగా దొరకు మల్టీమీటరు ఒకటి ట్రాక్టరున్న ప్రతి ఇంట ఉండదగినది. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ పూర్తిగా నిండియున్నచో సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 చూపినచో దాదాపు సగమే ఉన్నది. 12కు దిగినచో చార్జింగు చేయక వేరు పరీక్షలు చేయుట వ్యర్థము.

నిండిన బ్యాటరీతో కూడ సెల్ఫ్ బరువుగా తిరిగినచో అతుకులను పరీక్షించుడు. ఇంజను అంటుకొనకుండ డీజిలు స్టాపు లాగి ఉంచి, ఒకరు సీటుపైనుండి సెల్ఫ్ కొట్టవలెను. మరొకరు చక్రములకు ఎడముగా నిలిచి మీటరు చూడవలెను. బ్యాటరీ రెండు మొనల మధ్య 9.6 వోల్టులకు తక్కువైనచో బ్యాటరీలో బలము లేదు, లేదా మోటారు మితిమీరి కరెంటు లాగుచున్నది. పాజిటివ్ మొననుండి మోటారు బోల్టు వరకు, అట్లే నెగెటివ్ మొననుండి ఇంజను ఒంటి వరకు తేడా అర వోల్టుకు మించరాదు. మించినచో ఆ దారిలోనే తుప్పు పట్టిన అతుకో, తెగిన పోగులో ఉన్నవి. ఎర్తు తీగ బిగించిన చోట రంగు, మట్టి ఉండుట ఎందరో గమనింపని దోషము. సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకండ్లకు మించి కొట్టరాదు. నడుమ ఒక నిమిషము ఆగవలెను.

మొనలపై తెల్లని, పచ్చని పొడి పేరుకొన్నచో ముందు ఎర్తు తీగ, తరువాత పాజిటివ్ తీగ విప్పుడు. వంటసోడా కలిపిన నీటితో కడుగుడు. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. తుడిచి, మొనలను మెరయునట్లు గీకి, గట్టిగా బిగించి వాసెలిన్ పూయుడు. బిగించునపుడు ఎర్తు తీగ చివరగా బిగించవలెను. పలుమారు క్రొత్త బ్యాటరీ ధర ఈ కొద్ది పనితోనే మిగులును.

ప్రాణాపాయమైన అడ్డదారి

ఒకప్పుడు ఇంజనును చేతి హ్యాండిలుతో త్రిప్పుచుండగా అది వెనుకకు తన్ని చేతులు విరిగెడివి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1911లో రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చిన పిమ్మట ఆ ప్రమాదము క్రమముగా తొలగినది. స్క్రూడ్రైవరుతో టెర్మినళ్ళు కలుపువారు అంతకంటె పెద్ద ప్రమాదమును కొనితెచ్చుకొనుచున్నారు. ఈ అడ్డదారిలో కీ, సేఫ్టీ స్విచ్చి రెండును పనిచేయవు. గేరులో ఉన్న ట్రాక్టరు అంటుకొన్న క్షణముననే కదలును. కలుపు మనిషి నిలుచు చోటు పెద్ద చక్రము ముందే. తప్పించుకొన వ్యవధి ఉండదు. చెడిన సేఫ్టీ స్విచ్చిని మార్చుడు. తీగ కలిపి దానిని దాటవేయకుడు. తోటలలో కూర్చుండి నడుపు గడ్డికోత యంత్రమునకు సీటు క్రింద కూడ ఇట్టి స్విచ్చి ఉండును. మనిషి దిగినచో అది యంత్రమును ఆపును. దానిని కట్టివేసినచో మనిషి దిగినను బ్లేడు తిరుగుచునే ఉండును.

బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజన్ వాయువు నిప్పురవ్వకే ప్రేలును. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు.

ముందు జాగ్రత్త

నీరు పోయు రకము బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయుడు. బోరు నీరు, ఆసిడ్ పోయరాదు. ఇంజను ఓ మోస్తరు వేగముతో తిరుగునపుడు బ్యాటరీ వద్ద 13.8 నుండి 14.5 వోల్టుల వరకు ఉండవలెను. తగ్గినచో ఫ్యాన్ బెల్టు, ఆల్టర్నేటరు చూపించుడు. వేసవిలో ట్రాక్టరు ఆపి ఉంచునపుడు ఎర్తు తీగ విప్పి, నెలకొకసారి చార్జింగు పెట్టించుడు. ఎండకు బ్యాటరీ దానంతట అదే త్వరగా దిగిపోవును. దిగిన బ్యాటరీని అట్లే వదలినచో లోపలి పలకలు పాడగును.

వ్యవసాయ విస్తరణాధికారులు మే నెలలోనే రైతు వేదికల వద్ద ఒక ట్రాక్టరును నిలిపి ఈ పరీక్షలను చేసి చూపినచో మేలు కలుగును. తొలకరి మన కొరకు ఆగదు. ట్రాక్టరు దానికి ముందే సిద్ధముగా ఉండవలెను.